పక్కవారి భుజం
(ఫోటో మాస్టారి స్మారకోపన్యాసం: వివాన్ సుందరం కళాజీవితం)



ముందుగా వేదిక మీదున్న ఈ ఫోటో సంగతి చెప్పాలి. నలభై ఏళ్ళపాటు ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళకీ, ఓణీల ఫంక్షన్లకీ, హాల్ టికెట్లకీ ఫోటోలు తీసిన మనిషికి తనదంటూ ఒక్క మంచి ఫోటో లేదు. ఆయన పోయాక ఇల్లంతా వెతికితే ఏదో స్కూలు వార్షికోత్సవం నాటి గ్రూపు ఫోటో కత్తిరింపు ఒకటి దొరికింది. దాన్నే పెద్దది చేయించి పెద్దకర్మ నాడు కుర్చీలో పెట్టారు. దండ వేశారు. ఎదురుగా గాజు గ్లాసులో టీ, నెగెటివ్ మీద మచ్చలు దిద్దే సన్న కుంచె, ఆయన మానలేకపోయిన బీడీల కట్ట. అన్నీ అమిరాయి. కానీ ఫోటో ఎడమ అంచున ఎవరిదో భుజం మిగిలిపోయింది. చారల చొక్కా. అది తీసేస్తే మాస్టారి చెయ్యి కూడా పోతుందని ల్యాబువాళ్ళు వదిలేశారట. అదే ఫోటో ఇప్పుడు ఇక్కడుంది. ముందు వరుసలో ఉన్నవారికి ఆ భుజం కనబడుతూనే ఉండాలి.

ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు. ఊరంతా ఫోటో మాస్టారనే పిలిచింది. ఇవాళ నేనూ అలాగే అంటాను.

ఎవరైనా ఫోటోగ్రాఫర్ గురించి మాట్లాడమని కమిటీవారు అడిగారు. నేను ఎంచుకున్న వివాన్ సుందరం కెమెరా పట్టి పేరు తెచ్చుకున్నవారు కారు. పెయింటరుగా మొదలై, నలభై ఎనిమిదో ఏట కాన్వాసు వదిలేసి, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఫోటోలతో, రేకు పెట్టెలతో, చెప్పుల అట్టలతో, కుండ పెంకులతో బొమ్మ కట్టిన మనిషి. అందులో ఆయన ఎక్కువగా వాడినవి వేరేవాళ్ళు తీసిన ఫోటోలే. అయినా ఫోటో అంటే ఏమిటో ఆయన దగ్గర నేర్చుకున్నంతగా మరెవరి దగ్గరా నేర్చుకోలేదు. మాస్టారిని మినహాయించి చెబుతున్నాను.

ఆయన 1943 మే 28న సిమ్లాలో పుట్టారు. తండ్రి కల్యాణ్ సుందరం ఐసీఎస్ అధికారి, దేశానికి రెండో ప్రధాన ఎన్నికల కమిషనర్. తల్లి ఇందిర చిత్రకారిణి అమృతా షేర్‌గిల్‌కి చెల్లెలు. అమృత 1941 డిసెంబరు 5న లాహోర్‌లో ఇరవై ఎనిమిదేళ్ళకే చనిపోయారు. అంటే వివాన్ పుట్టేటప్పటికి ఆ పెద్దమ్మ పోయి ఏడాదిన్నర. గోడల మీద ఆమె బొమ్మలు, ఆల్బముల్లో ఆమె ఫోటోలు, పెద్దల నోట ఆమె మాట. మనిషి మాత్రం లేదు. చిన్నప్పటి నుంచి ఆయనకు పెద్దమ్మ అంటే ఫోటోయే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తర్వాత ఆయన చేసిన పనిలో సగం వివరించకుండానే అర్థమవుతుంది.

డూన్ స్కూలు అయ్యాక బరోడాలో 1961 నుంచి 1965 దాకా ఫైన్ ఆర్ట్స్ చదివారు. ఆ రోజుల్లోనే మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి మన లక్ష్మా గౌడ్ కూడా బరోడా చేరారు. ఒకరు ఐసీఎస్ బంగళా నుంచి, మరొకరు తెలంగాణ పల్లె నుంచి. ఒకే ఆవరణలో కూర్చున్న ఈ ఇద్దరిలో లక్ష్మా గౌడ్ ఊరిని గీతలో పట్టుకున్నారు. వివాన్ చాలాకాలం తనకు ఊరేదో తేల్చుకోలేకపోయారు. స్కాలర్‌షిప్ మీద లండన్ వెళ్ళి స్లేడ్ స్కూల్లో చేరారు. అక్కడ గురువు ఆర్.బి. కిటాజ్. బొమ్మతోపాటు సినిమా చరిత్ర కూడా చదివారు. 1968 విద్యార్థి ఉద్యమం రాగానే అందులో దిగారు. 1970 దాకా కమ్యూన్‌లో ఉండి, ఆపైన స్వదేశం వచ్చారు. చిలీ కవి నెరూడా మాచు పిచ్చు కావ్యం ప్రేరణగా 1972లో వేసిన ఇంకు బొమ్మలు, 1976లో కసౌలీలో కుటుంబపు ఇంట్లో పెట్టిన కళాకేంద్రం, 1981లో 'ప్లేస్ ఫర్ పీపుల్' ప్రదర్శన, 1989లో వీధినాటక కళాకారుడు సఫ్దర్ హష్మీ హత్య తర్వాత పుట్టిన సహ్‌మత్ సంస్థ, అన్నిటిలోనూ ఆయన ఉన్నారు. కళావిమర్శలో ఈ దేశంలో ఎవరూ దాటిపోలేని గీతా కపూర్ ఆయన భార్య. ఈ కాలం గురించి ఇంతకంటే చెప్పను. ఆ రోజుల పెయింటింగులు మంచివే, కానీ ఆయన లేకపోయినా ఆ తరహా బొమ్మలు ఎవరో ఒకరు వేసి ఉండేవారు.

1991లో గల్ఫ్ యుద్ధం వచ్చింది. ఇరాక్ మీద బాంబులు పడుతుంటే ఆయన నూనె రంగులు పక్కన పెట్టి, బొగ్గు, ఇంజన్ ఆయిల్ పట్టుకుని కాగితం మీద పనిచేశారు. యుద్ధం దేనికోసమో ఆ పదార్థంతోనే బొమ్మ. అంతటితో ఆగలేదు. ఆయిల్ నింపిన రేకు తొట్టి తెచ్చి కాగితం కింద నేల మీద పెట్టారు. మనం గోడ మీది బొమ్మ చూస్తూ ముందుకి నడిస్తే కాలు తొట్టిలో పడుతుంది. బొమ్మ గోడ దిగి నేల మీదికి వచ్చేసింది.

దీన్నే ఇన్‌స్టలేషన్ అంటున్నారు. తెలుగులో ఈ మాటతో నాకెప్పుడూ ఇబ్బందే. 'ప్రతిష్ఠాపన' అని రాస్తే పురోహితుణ్ణి పిలవాల్సొస్తుంది. 'స్థాపన' అంటే సంఘం గుర్తొస్తుంది. ఏసీ బిగించడానికి వచ్చే కుర్రాడు కూడా ఇన్‌స్టలేషనే అంటాడు. నేను మాత్రం ఎవరైనా అడిగితే ఆ పెద్దకర్మ కుర్చీని చూపిస్తాను. ఫోటో ఒక్కటే గోడకి తగిలిస్తే అది ఫోటో. కుర్చీలో కూర్చోబెట్టి, ముందు టీ గ్లాసు పెట్టి, నలుగురినీ ఆ కుర్చీ చుట్టూ తిరగనిస్తే, పోయిన మనిషికి ఆ గదిలో కాస్త చోటు దొరుకుతుంది. ఫోటో మనిషిని ఉన్న చోటు నుంచి కత్తిరించి తెస్తుంది. మళ్ళీ ఆ మనిషికి చోటు ఇవ్వడం వేరే పని. వివాన్ సుందరం జీవితంలో రెండో సగమంతా ఈ వేరే పనే చేశారని నా అభిప్రాయం.

ఇప్పుడు 1993కి వస్తాను. కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదును కూల్చేశారు. ఆ డిసెంబరులోనూ మరుసటి జనవరిలోనూ బొంబాయిలో జరిగిన మారణకాండలో 900 మంది చనిపోయారని తర్వాత శ్రీకృష్ణ కమిషన్ లెక్క చెప్పింది. ఆ రోజుల్లో టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఒక ఫోటో వచ్చింది. తీసింది హోషీ జాల్. వీధిలో పడి ఉన్న ఒక మనిషి శవం. పేరు లేదు, ఊరు లేదు. పేపర్లో వచ్చిన ఫోటో బతుకు ఎంతో మనకు తెలుసు. పొద్దున కాఫీతో చూస్తాం, మధ్యాహ్నం దాని మీద భోజనం చేస్తాం, వారానికి పొట్లాలు కట్టడానికి కొట్టుకి పోతుంది.

వివాన్ ఆ ఒక్క ఫోటో పట్టుకుని కూర్చున్నారు. దాన్ని మళ్ళీ మళ్ళీ ప్రింటు వేసి, ఒక్కో ప్రింటునీ ఒక్కో రకంగా గాజుపెట్టెలో ఉంచారు. శవం మీద మేకులు దిగ్గొట్టారు. వందల మేకులు. కొన్నిచోట్ల మేకులు ఒంటి చుట్టూ దట్టంగా చేరి దుప్పటిలా కప్పేస్తాయి. పాత రేకు ట్రంకు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ద్వారం కట్టారు. నేల మీద రాతిబాట పరిచారు. దేశనాయకుడి సమాధికి వెళ్ళేటట్టు మనం ఆ ద్వారంలోంచి, ఆ బాట మీదుగా, ఆ పేరులేని శవం దగ్గరికి వెళ్ళాలి. దాని పేరు 'మెమోరియల్'.

ఆ మేకుల గురించి నాకు చాలాకాలం తగువు ఉండేది. చచ్చినవాణ్ణి మళ్ళీ పొడవడం ఏమిటి? ఫోటోకైనా సరే, ఒంటి మీద మేకు కొట్టడానికి చెయ్యెలా వచ్చింది? ఈ మాట ఒకసారి మాస్టారితో అంటే ఆయన బీడీ ఆర్పి, "పేపర్లో వేసిన రోజే కొట్టారుగా, ఈయన కనబడేట్టు కొట్టాడు" అన్నారు. ఆయనకు కళాసిద్ధాంతాలు తెలియవు. చుక్కలు చుక్కలుగా అచ్చయ్యే బ్లాకు సంగతి తెలుసు. ఆ చుక్కలే మేకులన్నట్టు మాట్లాడారు. ఆ మాట విన్నాక నేను మేకుల్ని ఇంకోలా చూశాను. ఒక్కో మేకూ చేత్తో కొట్టాలి. ఒక్కో దెబ్బకీ ఆ శవాన్ని మళ్ళీ చూడాలి. మనం అర నిమిషంలో పేజీ తిప్పేసినదాన్ని ఆ మనిషి రోజుల తరబడి చూస్తూ కూర్చున్నారు. శవం దగ్గర కూర్చోవడం అనే మాట మనకుంది. రాత్రంతా ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. అనాథ శవానికి ఆ పని చేసేవాళ్ళుండరు.

ఇక ఆ ట్రంకు పెట్టెలు. పనికోసం ఊరు విడిచినవాడి ఇల్లంతా ఆ పెట్టెలోనే ఉంటుంది. దుబాయ్ వెళ్ళినా, బొంబాయి వెళ్ళినా మన జిల్లాలవాళ్ళ చేతిలో చాలా ఏళ్ళు అదే పెట్టె. చక్రవర్తులు పాలరాతితో కట్టుకున్న ద్వారాన్ని వలసకూలీకి వాడి పెట్టెలతోనే కట్టారు. 2014లో ఆయన ఈ పనిని మళ్ళీ సవరించారు. ఇప్పుడది లండన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉంది. బొంబాయి వీధిలో పడి ఉన్న మనిషికి చివరికి లండన్‌లో స్థలం దొరికింది. సంతోషించాలో లేదో నాకు తెలియదు.

'మెమోరియల్' ఒక్కటే చేసి ఉన్నా ఆయన పేరు నిలిచేది. కానీ నేను మాస్టారి సభకు ఈ విషయం తీసుకురావడానికి కారణం 2001–02లో చేసిన మరో పని, 'రీ-టేక్ ఆఫ్ అమృత'.

దానికి ముందు మాస్టారి డార్క్ రూమ్‌లోకి వెళ్ళాలి. ఈ ఊళ్ళో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. భర్త పోయిన ఆవిడ స్టూడియోకి వచ్చి, ఆయన రేషన్ కార్డు ఫోటో చేతిలో పెట్టి, "మా ఇద్దరిదీ జంట ఫోటో లేదు, పక్కన కూర్చోబెట్టు నాయనా" అనేది. మాస్టారు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన ఖాళీ కుర్చీ ఉంచి ఫోటో తీసేవారు. తర్వాత పోయినాయన తలను బ్లేడుతో కత్తిరించి, ఇంకెవరిదో ఒంటి మీద అతికించి, అతుకు మీద కుంచెతో రంగు వేసి, అంతా కలిపి మళ్ళీ కాపీ నెగెటివ్ తీసేవారు. నాకు పన్నెండేళ్ళప్పుడు చూపిస్తూ చెప్పిన రహస్యం ఇది: "నీడ ఇద్దరికీ ఒకే వైపు పడాలి. లేకపోతే ఇద్దరిలో పోయినవాళ్ళెవరో తెలిసిపోతుంది."

ఇప్పుడు వివాన్ ఇంటి ఫోటోల సంగతి. వివాన్ తాత, అమృత తండ్రి ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ పంజాబులోని మజీఠా వంశంవారు. సంస్కృతం, పారసీకం చదివినవారు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే కెమెరా పట్టి, ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా తననే తీసుకున్నారు. యోగాసనంలో, తలపాగాతో, తలపాగా లేకుండా, ఉపవాసంతో చిక్కిన ఒంటితో. తర్వాత హంగేరియన్ భార్య మారీ ఆంత్వానెత్‌ని, కూతుళ్ళు అమృత, ఇందిరలను బుడాపెస్ట్‌లో, పారిస్‌లో, సిమ్లాలో తీశారు. ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో నాటకంలో వేషం వేసినట్టుంటారు. ఈ ఫోటోలన్నీ మనవడి చేతికి వచ్చాయి.

మనవడు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి మాస్టారు చేసిన పనే చేశాడు. ఒక ఊళ్ళో ఒక ఏడు తీసిన తండ్రినీ, ఇంకో ఊళ్ళో ఇంకో ఏడు తీసిన కూతుర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టాడు. 'సిస్టర్స్ విత్ టూ గర్ల్స్' అనేదాంట్లో అక్కచెల్లెళ్ళిద్దరూ అమృత వేసిన బొమ్మతో కలిసి ఉంటారు. 'బూర్జువా ఫ్యామిలీ: మిర్రర్ ఫ్రీజ్'లో అద్దాలు, ఆ అద్దాల్లో వేర్వేరు కాలాల మనుషులు. ఒక్క చట్రంలో మొత్తం సంసారం కొలువు తీరుతుంది, అయితే ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూడరు. అతుకు ఎక్కడో కంటికి అంత తేలిగ్గా దొరకదు. మాస్టారికి చూపిస్తే పని మెచ్చుకునేవారు.

తేడా అల్లా కింద రాసిన వివరాల్లో ఉంది. ఒక్కో బొమ్మ కిందా ఏ ముక్క ఏ ఫోటోలోది, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం, ఎవరు తీశారు అన్నది వివాన్ బయటపెట్టారు. మాస్టారు అతుకు దాచిపెట్టారు, వివాన్ కూడా బొమ్మలో దాచి, కింద అక్షరాల్లో ఒప్పుకున్నారు. మాస్టారు దాచింది ఆ ముసలావిడ కోసం. ఆవిడకు నిజం తెలుసు, ఇంటికొచ్చిన చుట్టాలకు తెలియకపోతే చాలు. వివాన్ ఎదుట ఉన్నది చరిత్ర. అబద్ధం చెప్పినా లెక్క అప్పగించి చెప్పాలి. తండ్రి కెమెరా కూతుర్ని ఎలా చూసింది, ఆ చూపులో గర్వం ఎంత, పెత్తనం ఎంత, ఆ ఇంట్లో అందం వెనక ఏ బాధ నలిగింది, ఇవన్నీ ఆ అతుకుల మధ్య ఉన్నాయి. ఉమ్రావ్ సింగ్ భార్య 1948లో తుపాకీతో కాల్చుకుని చనిపోయారు. అది తెలిసి ఆ డ్రాయింగ్ రూముని చూడటం వేరు.

నాకు ఒక అభ్యంతరం మాత్రం మిగిలింది. చనిపోయిన స్త్రీ ముఖం మీద హక్కు ఎవరిది? చెల్లెలి కొడుకైనంత మాత్రాన ఆమెను ఎవరి పక్కన కావాలంటే వాళ్ళ పక్కన నిలబెట్టవచ్చా? 'లవర్స్' అన్న పేరు పెట్టిన బొమ్మ ముందు నాకు ఇబ్బందిగానే ఉంటుంది. ఆయన వైపు నుంచి ఒక్కటి చెప్పుకోవాలి. ఆమెను మాట్లాడనివ్వకుండా వదిలేయలేదు. అమృత ఉత్తరాలు, రాతలు అన్నీ సేకరించి, తానే సంపాదకత్వం వహించి, పాదసూచికలు రాసి 2010లో రెండు పెద్ద సంపుటాలుగా తెచ్చారు. మనకు అందులో ఆసక్తి కలిగించే భాగం ఒకటుంది. 1936–37లో దక్షిణాది యాత్రలో అమృత తన బొమ్మలతో హైదరాబాద్ వచ్చారు. సాలార్‌జంగ్ వాటిని చూశారు. కొనలేదు. ఆ ఒక్క బేరం కుదిరి ఉంటే ఇవాళ మూసీ ఒడ్డున ఏ గదిలో రద్దీ ఉండేదో ఆలోచించండి.

మిగతా పనుల్లో కొన్నిటి దగ్గర నేను ఎక్కువసేపు నిలబడలేకపోయాను. 1998లో కలకత్తా విక్టోరియా మెమోరియల్‌లో, రాణిగారి కోసం కట్టిన హాల్లోకి రైలు పట్టాలు, గోనె సంచులు తెచ్చి బెంగాల్ చరిత్ర పరిచారు. ఆలోచన గొప్పది. 2011లో వ్యర్థాలతో, మందుల షాపు సామాన్లతో కుట్టిన దుస్తుల ప్రదర్శన 'గాగావాకా' నాకు తెలివితేటల దగ్గరే ఆగిపోయినట్టనిపించింది. ఢిల్లీ చెత్తను స్టూడియో నేల మీద నగరంలా పేర్చి పైనుంచి ఫోటోలు తీసిన 'ట్రాష్' పనిలో చూపు ఉంది. చెత్త ఏరుకునేవాళ్ళతో పనిచేసే చింతన్ అనే సంస్థ తోడుగా చేసిన పని అది. కానీ ఆ పెద్ద పెద్ద ప్రింట్లు ఎంత అందంగా ఉంటాయంటే కంపు మరిచిపోతాం.

ఆ కాలంలోనే చేసిన '12 బెడ్ వార్డ్' అలా కాదు. 2005. చీకటి గది. పన్నెండు ఇనప మంచాలు, ఆసుపత్రి వార్డులోలా రెండు వరుసలు. మంచానికి పరుపు లేదు. పరుపు ఉండాల్సిన చోట అరిగిన చెప్పుల, బూట్ల అట్టలు తాడుతో కలిపి అల్లి ఉన్నాయి. ప్రతి మంచం మీదా ఒక బల్బు వేలాడుతుంది. వెలుగు అట్టల సందుల్లోంచి దిగి నేల మీద పాదాల ఆకారంలో నీడలు పరుస్తుంది. మనిషెవరూ లేరు. నగరమంతా తిరిగి తిరిగి అరిగినవాళ్ళు ఒక్క రాత్రి నడుం వాల్చడానికి ఆ మంచాలు. ఫోటో ఒక్కటీ లేని ఆ గదిని నేను ఫోటో అనే అంటాను. వెలుగు పైనుంచి పడి వస్తువు నీడను కిందికి దించడమేగా ఫోటో తీయడమంటే.

2012లో మొదటి కొచ్చి–ముజిరిస్ బినాలేకి 'బ్లాక్ గోల్డ్' చేశారు. కేరళలో పట్టణం అనే ఊరి దగ్గర తవ్వకాల్లో కుప్పలు తెప్పలుగా బయటపడిన కుండ పెంకుల్ని అడిగి తెచ్చుకుని, వాటితో మునిగిపోయిన రేవుపట్టణం కట్టారు. నల్ల బంగారం అంటే మిరియాలు. పాత గోదాములో ఆ పెంకుల ఊరి మీద నీళ్ళు ప్రవహించే వీడియో. తవ్వకాల వారు పనికిరావని పక్కన పెట్టినవాటికి మళ్ళీ వీధులు వేసి ఇవ్వడం ఆయనకు అలవాటైన పనే.

2017లో ముంబై మ్యూజియంలో 1946 నావికుల తిరుగుబాటు మీద చేసిన పని గురించి విశాఖవాసులకు చెప్పాలి. ఫిబ్రవరి 18న బొంబాయిలో 'తల్వార్' నౌకాదళ శిక్షణ కేంద్రంలో మొదలైన ఆ సమ్మె 78 నౌకలకు పాకింది, విశాఖ నావికులూ అందులో ఉన్నారు. కాంగ్రెస్, లీగ్ పెద్దలు లొంగిపొమ్మని చెప్పారు. ఆ తర్వాత ఆ కుర్రాళ్ళను అందరూ మరిచిపోయారు. వివాన్, సినిమా చరిత్రకారుడు ఆశిష్ రాజాధ్యక్ష, శబ్దకారుడు డేవిడ్ చాప్‌మన్ కలిసి ఓడ పొట్టలాంటి ఒక లోహపు గది కట్టారు. లోపలికి వెళ్ళి చీకట్లో కూర్చుంటే చుట్టూ గొంతులు. ఈ పనిలో బొమ్మ లేదు, విగ్రహం లేదు. మరిచిపోయినవాళ్ళ మధ్యలో మనల్ని కూర్చోబెట్టారు, అంతే.

2018లో ఢిల్లీ కిరణ్ నాడార్ మ్యూజియంలో యాభై ఏళ్ళ పని ఒక్కచోట చూపించారు. దానికి పెట్టిన పేరుకి తెలుగులో అర్థం, 'లోపలికి రా, ఇక నువ్వు పరాయివాడివి కావు' అని. ఆ మ్యూజియం ఒక షాపింగ్ మాల్‌లో ఉంది. నేను వెళ్ళిన రోజు గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా సంచి రెండుసార్లు వెతికాడు.

చివరి పని షార్జా బినాలే కోసం చేసిన 'సిక్స్ స్టేషన్స్ ఆఫ్ ఎ లైఫ్ పర్స్యూడ్'. పూర్తిగా ఫోటోలు. అనితా ఖేమ్కా, ఇమ్రాన్ కోకిలూ అనే ఫోటోగ్రాఫర్లు ఆయనతో పనిచేశారు. గాయాలు, ఒంటరి ఒళ్ళు, ప్రయాణంలో ఆరు మజిలీలు. అప్పటికి ఆయన ఆరోగ్యం బాగాలేదు. 2023 ఫిబ్రవరిలో ప్రదర్శన మొదలైంది. మార్చి 29న ఢిల్లీలో ఆయన పోయారు. షార్జాలో గోడల మీద ఫోటోలు జూన్ దాకా ఉన్నాయి.

ఇక నా మాట ముగిస్తాను. కమిటీవారికి ఒక విన్నపం. మాస్టారి ఫోటోని వచ్చే ఏడాదికి కంప్యూటర్‌లో శుభ్రం చేయించి, ఆ భుజం తీయించేస్తామని ఇందాక టీ తాగుతుంటే ఒకరన్నారు. ఇప్పుడది క్షణం పని. దయచేసి తీయించకండి. ఆ గ్రూపు ఫోటో అసలు ప్రింటు మీలో ఎవరింట్లోనైనా, ఏ ట్రంకు పెట్టె అడుగునైనా ఉంటే తెచ్చి ఇక్కడ ఇవ్వండి. చారల చొక్కా వేసుకుని ఆయన పక్కన నిలబడింది ఎవరో చూడాలనుంది.